పదేళ్ల పాపతో బీచ్ రోడ్డు మీద పరుగు: ముందు ఆ మడమ సంగతి చూడండి

మీరు రాసింది క్లుప్తంగా: "మాది విశాఖలో పెదవాల్తేరు. నాకు 42 ఏళ్లు, షుగర్ బోర్డర్‌లో ఉందన్నారు. పాపకి పదేళ్లు. స్కూల్లో స్పోర్ట్స్ డే అయ్యాక తనే 'నాన్నా, మనిద్దరం రోజూ పరిగెడదామా' అని అడిగింది. ఆరు వారాలుగా వారానికి ఆరు రోజులు ఆర్కే బీచ్‌కి వెళ్తున్నాం. మొదట్లో హుషారుగా వచ్చేది. ఇప్పుడు రెండు వందల మీటర్లు బాణంలా దూసుకెళ్లి, డొక్కలో పోటని కూర్చుండిపోతోంది. ఒకే వేగంతో పరిగెత్తమంటే వినదు. నాకు కాలి ముందు ఎముక నొప్పి. పాప కాస్త బొద్దుగా ఉంటుంది, పరుగుతో సన్నబడుతుందని ఆశ. ఆడపిల్ల ఇలా పరిగెడితే ఎత్తు పెరగదని మా అత్తగారు అంటున్నారు. ఈసారి వైజాగ్ నేవీ మారథాన్‌లో 10కేకి (పది కిలోమీటర్ల పరుగుకి) ఇద్దరి పేర్లూ ఇద్దామనుకుంటున్నాను. ఈ మధ్య మడమ నొప్పి కూడా అంటోంది, బహుశా బద్ధకం కావచ్చు. ఎలా కొనసాగించాలి?"

బాబూ, అన్నిటికీ జవాబు చెబుతాను. కానీ చివర్లో ఒక్క ముక్కలో రాసి వదిలేశారే, ఆ మడమ మాట దగ్గరే నా కళ్లు ఆగిపోయాయి. అది బద్ధకం కాదు. తనంతట తాను పరిగెడదామని అడిగిన పిల్ల, ఆరు వారాలు చీకటితో లేచి వచ్చిన పిల్ల, ఇప్పుడు మడమ నొప్పి అంటోందంటే నొప్పి ఉన్నట్టే.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ఆ తప్పు నేను చేశాను. ముప్పై ఏళ్లకు దగ్గరగా ఈ చుట్టుపక్కల హైస్కూళ్లలో వ్యాయామ ఉపాధ్యాయినిగా పనిచేశాను. మా అబ్బాయికి పదకొండేళ్లప్పుడు ఇద్దరం ఏయూ (ఆంధ్రా యూనివర్సిటీ) ఇంజినీరింగ్ కాలేజీ గ్రౌండ్‌లో పరుగు మొదలుపెట్టాం. మొదటి నెల పండగలా గడిచింది. వాడు నాకంటే ముందు లేచి, లేసులు కట్టుకుని గుమ్మంలో కూర్చునేవాడు. రెండో నెలలో నా చేతిలోకి స్టాప్‌వాచ్ వచ్చింది. నిన్నటికంటే నాలుగు సెకన్లు ఎక్కువ పట్టిందంటే "ఏరా, ఏమైంది" అని అడిగేదాన్ని. మూడో నెలలో మడమ నొప్పి అన్నాడు. స్కూల్లో రోజూ సాకులు వినే నాకు అది కూడా సాకులాగే వినిపించింది. వారం తర్వాత మునివేళ్ల మీద నడుస్తూ బాత్రూమ్‌కి వెళ్తుంటే చూసి డాక్టర్ దగ్గరకి పరిగెత్తాను. మడమ ఆరు వారాల్లో తగ్గిపోయింది. వాడు మాత్రం మళ్లీ నాతో పరుగుకి రాలేదు. ఉద్యోగంలో చేరాక, ఇరవై నాలుగేళ్లప్పుడు, వేరే ఊళ్లో తనంతట తాను మొదలుపెట్టాడు. అది విని ఎంత సంతోషించానో, మధ్యలో పోయిన ఆ పదమూడేళ్ల పొద్దున్నల్ని తలుచుకుని అంత బాధపడ్డాను. మీకు అలా జరగకూడదు.

ముందు ఆ నొప్పి ఏమిటో చెబుతాను. పిల్లల మడమ ఎముక వెనక భాగంలో ఇంకా గట్టిపడని మెత్తటి పొర ఉంటుంది. ఎముక పెరిగేది అక్కడే. పిక్క నుంచి కిందికి దిగే లావుపాటి తాడు ఉంది చూశారూ, చీలమండ వెనక చేత్తో పట్టుకుంటే తెలుస్తుంది, అది వచ్చి అతుక్కునేది కూడా సరిగ్గా అక్కడే. పిల్లలు గబగబా ఎత్తు పెరిగే రోజుల్లో ఎముక ముందు పెరుగుతుంది, కండరం కాస్త వెనకబడుతుంది. తాడు బిగుసుకుని అడుగడుగునా ఆ మెత్తటి చోటుని లాగుతుంది. పరుగు, గెంతులు ఎక్కువైతే అక్కడ వాచి నొప్పి పుడుతుంది. డాక్టర్లు దీన్ని సీవర్స్ డిసీజ్ అంటారు. పేరు విని కంగారు పడకండి. ఎనిమిది నుంచి పద్నాలుగేళ్ల మధ్య ఆటలాడే పిల్లల్లో తరచూ చూసేదే. పెరుగుదల పూర్తయి ఆ పొర ఎముకలో కలిసిపోయాక ఇక రాదు, ఏ లోపమూ మిగలదు.

ఇంట్లో చూసే పద్ధతి తేలిక. పాపని మంచం మీద పడుకోబెట్టి, మడమని రెండు పక్కల నుంచీ బొటనవేలితో, చూపుడు వేలితో మెల్లగా నొక్కండి. అడుగు భాగాన్ని కాదు, పక్కల్ని. "అబ్బా" అని కాలు లాక్కుంటే చాలావరకు ఇదే. అలా అయితే నొప్పి పుట్టించే పరుగు, గెంతులు ఆపండి. రెండు మూడు వారాల్లో కొందరికి సర్దుకుంటుంది, కొందరికి ఇంకా ఎక్కువ పడుతుంది. సాయంత్రం గుడ్డలో ఐసు చుట్టి పది పదిహేను నిమిషాలు పెట్టండి. గోడకి చేతులానించి, ఒక కాలు వెనక్కి పెట్టి, మడమ నేలకి ఆనించి పిక్క సాగదీయడం రోజూ చేయించండి, నొప్పి పుట్టేంత కాదు. మందుల షాపులో మడమ కింద పెట్టుకునే మెత్తటి ప్యాడ్లు దొరుకుతాయి, రెండు బూట్లలోనూ వేయండి. ఇంట్లో కూడా వట్టి కాళ్లతో గచ్చు మీద తిరగనివ్వకండి. కుంటుతున్నా, రాత్రి నిద్రలో నొప్పికి లేస్తున్నా, వాపు, ఎరుపు, జ్వరం ఉన్నా, విశ్రాంతిలోనూ తగ్గకపోయినా ఎముకల డాక్టర్‌కి చూపించాల్సిందే. మోకాలి చిప్ప కింద ఉబ్బెత్తుగా నొప్పి వచ్చినా ఇలాంటి సంగతే, కాస్త పెద్ద పిల్లల్లో వస్తుంది.

ఆ వారాల్లో పొద్దున్నే లేచే అలవాటు మాత్రం పోనివ్వకండి. నొప్పి లేకపోతే నడవండి, సైకిల్ తొక్కించండి, ఈత వస్తే ఈతకి తీసుకెళ్లండి. మీతో గడిపే ఆ గంట కోసమే పాప లేస్తోంది. పరుగు ఆగిందని ఆ గంట కూడా ఆగిపోతే, నొప్పి చెప్పినందుకు నాన్న దూరమయ్యాడని పసి మనసుకి అనిపిస్తుంది. రెండోసారి చెప్పదు.

ఇక డొక్కలో పోటు, ఒకే వేగంతో పరిగెత్తకపోవడం. ఇక్కడ మారాల్సింది పాప కాదు, మీరు అనుకున్న పద్ధతి. పదేళ్ల పిల్లలు పెద్దవాళ్లలా నిలకడగా పరిగెత్తరు. వీధిలో ఆడుకునే పిల్లల్ని పది నిమిషాలు గమనించండి. ఒక్క ఊపున ఉరుకుతారు, ఆగుతారు, ఏదో చూస్తారు, మళ్లీ ఉరుకుతారు. వాళ్ల ఒంటి తీరే అది. ఉరికాక మనకంటే త్వరగా తేరుకుంటారు కూడా. అరగంట ఒకే వేగంతో పరిగెత్తడం పెద్దవాళ్ల అలవాటు. దాన్ని పిల్ల మీద రుద్దితే మొదట విసుగు, తర్వాత పోటు, ఆ తర్వాత సాకులు.

కాబట్టి ఆ ఉరకడాన్నే ఆటగా మార్చండి. మన బీచ్ రోడ్డులో దీనికోసమే పెట్టినట్టు ఒక కొలబద్ద ఉంది, ఐఎన్‌ఎస్ కురుసుర. 1969లో నేవీలో చేరి, 2001లో విధుల నుంచి తప్పుకుని, 2002 నుంచి ఒడ్డున మ్యూజియంగా ఉన్న సబ్‌మెరైన్. దాని పొడవు సుమారు 91 మీటర్లు. పాపకి చెప్పండి: "ఒక సబ్‌మెరైన్ పరుగు, ఒక సబ్‌మెరైన్ నడక." ముక్కు నుంచి తోక దాకా ఎన్ని అడుగులు పడ్డాయో తననే లెక్కపెట్టమనండి. ఆ లెక్క వస్తే ఇక ఏ రోడ్డు మీదైనా తనే కొలుచుకుంటుంది. మొదటి వారం ఆరు సబ్‌మెరైన్లు చాలు. తర్వాత రెండు సబ్‌మెరైన్లు పరుగు, ఒకటి నడక. నేను స్కూల్లో ఇదే పనిని కరెంటు స్తంభాలతో చేయించేదాన్ని. "రెండు కిలోమీటర్లు" అంటే మొహం మాడ్చే పిల్లలు "ఇరవై స్తంభాలు" అంటే ఎగిరి గంతేసేవారు.

వేగం సరిగా ఉందో లేదో తెలియాలంటే వాచీ అక్కర్లేదు. పరిగెడుతూ పాప మీకు స్కూల్లో జరిగిన సంగతి చెప్పగలగాలి. మాట తెగి తెగి వస్తుంటే వేగం ఎక్కువైనట్టు. మీకూ అదే కొలత. పోటు వచ్చినప్పుడు కూర్చోబెట్టకండి. నడుస్తూ, కాస్త ముందుకి వంగి, నొప్పి ఉన్న చోట చేత్తో నొక్కి పట్టి, గట్టిగా ఊపిరి తీసి మెల్లగా వదలమనండి. రెండు నిమిషాల్లో పోతుంది. బయల్దేరే ముందు గ్లాసు నిండా పాలు తాగించి తీసుకొస్తుంటే అది మానండి. పొట్ట నిండా ఉన్నప్పుడు, మొదట్లోనే వేగం అందుకున్నప్పుడు ఈ పోటు ఎక్కువ వస్తుంది. ఐదు నిమిషాల నడకతో మొదలుపెడితే సగం తగ్గుతుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇప్పుడు చెబుతాను. పాపకి ఇంకా పరిగెత్తాలని ఉన్నప్పుడే ఇంటికి బయల్దేరండి. "ఇంకొక్క సబ్‌మెరైన్ నాన్నా" అన్నప్పుడు "రేపు కాదు, ఎల్లుండి" అనండి. వారానికి ఆరు రోజులు పిల్లకి చాలా ఎక్కువ. మూడు రోజులు చాలు, మధ్యలో ఒక్కో రోజు ఖాళీ ఉండాలి. నడకతో కలిపి ఇరవై ఐదు నిమిషాలు. అలసిపోయి, విసుగొచ్చి, కళ్లనీళ్లతో ముగిసిన పొద్దున్న మర్నాటి లేవడాన్ని కష్టం చేస్తుంది. ఆశ మిగిలి ఉండగా ముగిసిన పొద్దున్న మర్నాడు తనే మిమ్మల్ని లేపేలా చేస్తుంది. మా అబ్బాయి విషయంలో నేను చేయనిది ఇదే. వాడి ఆశ అయిపోయేదాకా వాడుకున్నాను.

ఎప్పుడు ఆగాలో, ఏ వైపు వెళ్లాలో కూడా పాప చేతిలో పెట్టండి. ఒక రోజు వుడా పార్కులోకి (ఇప్పుడు పేరు మారినా మనకి అది వుడా పార్కే), ఒక రోజు లాసన్స్ బే వైపు పెద జాలరిపేట పడవల దాకా. వేట నుంచి వచ్చిన పడవలు చూడటానికి ఆగితే ఆగనివ్వండి. ఆ ఆగడం కూడా పరుగులో భాగమే.

మిగతా రోజుల్లో పిల్ల ఒళ్లు కదలక్కర్లేదా అంటే, కదలాలి. ఐదు నుంచి పదిహేడేళ్ల పిల్లలు రోజుకి సగటున 60 నిమిషాలు ఒళ్లు కదిలే ఆటలు, పనులు చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. అదంతా పరుగే కానక్కర్లేదు. సైకిల్, ఖోఖో, తొక్కుడుబిళ్ల, తాడాట అన్నీ లెక్కే. గెంతే ఆటలు పిల్లల ఎముకలకి గట్టిదనం ఇస్తాయి. మడమ నొప్పి తగ్గాక తాడు మళ్లీ చేతికివ్వండి.

ఇక మీ సంగతి. మీ కాలి నొప్పి కూడా తొందరపాటు వల్ల వచ్చిందే. నలభై దాటాక గుండె, ఊపిరితిత్తులు నెల రోజుల్లో పుంజుకుంటాయి, ఎముకలు, కండరాల చివర్లు సర్దుకోవడానికి నెలలు పడుతుంది. ఊపిరి ఆడుతోంది కదా అని కాళ్లని లాగేస్తాం. మోకాలికీ చీలమండకీ మధ్య ఎముక లోపలి అంచు పొడవునా నొప్పి ఉంటే పరుగు సగానికి తగ్గించండి. బీచ్ ఫుట్‌పాత్ గచ్చు వదిలి మట్టి మీద నడవండి, ఏయూ గ్రౌండ్ మీకు దగ్గరే. అలా కాక వేలితో ఒక్క చోట నొక్కితే ప్రాణం పోతోందంటే, నడిచినా నొప్పి ఉందంటే ఎముకలో సన్నటి పగులు ఉండొచ్చు. అప్పుడు పరుగు పూర్తిగా ఆపి డాక్టర్‌కి చూపించాలి.

షుగర్ బోర్డర్‌లో ఉన్నవాళ్లకి ఈ అలవాటు చాలా మేలు. పనిచేసే కండరం రక్తంలోని చక్కెరని లాక్కుని వాడుకుంటుంది. పెద్దవాళ్లకి వారానికి కనీసం 150 నిమిషాలు చురుకైన నడక లాంటి శ్రమ అవసరమని కూడా అదే సంస్థ చెబుతోంది. కానీ వేగం పెంచే ముందు బీపీ చూపించుకోండి. ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో గుండె జబ్బు ఉంటే ఆ మాట డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి. ఛాతీలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చల్లటి చెమట, కళ్లు తిరగడం, వీటిలో ఏది వచ్చినా ఆ క్షణమే ఆగాలి, హాస్పిటల్‌కి వెళ్లాలి. పక్కన చిన్నపిల్ల ఉంది కదా, ఇంటి ఫోన్ నంబర్ పాపకి నోటికి వచ్చి ఉండాలి. మీ ఫోన్ లాక్ తీయకుండా అత్యవసర కాల్ ఎలా చేయాలో నేర్పండి. ఇది భయపెట్టడానికి కాదు. ఇద్దరూ ఒకరికొకరు తోడు అంటే ఇదీ ఉంది.

మీకు ఎక్కువ పరిగెత్తాలని ఉంటే పాప రాని రోజుల్లో రెండు రోజులు మీ సొంతానికి ఉంచుకోండి. పాపతో వెళ్లిన రోజు మీ వ్యాయామం రోజు కాదు, అది పాప రోజు. ఈ రెండిటినీ కలిపేస్తే మీకు అసహనం, తనకి అవమానం.

"బొద్దుగా ఉంటుంది, సన్నబడుతుందని ఆశ." ఈ మాట పాప చెవిన పడిందా? పడకపోతే ఇక ఎప్పటికీ పడనివ్వకండి. పడి ఉంటే, పరుగు సరదా కోసం, మనిద్దరి కోసం అని పదే పదే చెప్పి ఆ మాటని చెరిపేయండి. పెద్దమనిషి అయ్యే ముందు రెండు మూడేళ్లు చాలామంది ఆడపిల్లలకి ఒళ్లు రావడం సహజం. శరీరం చేసుకునే ఏర్పాటు అది. ఆ వయసులో "లావు" అన్న మాట గుచ్చుకుంటే తిండి మానేసే పిల్లల్ని నేను చూశాను. టిఫిన్ డబ్బా నిండుగా తెచ్చి నిండుగా తీసుకెళ్లేవాళ్లు, ప్రార్థనలో కళ్లు తిరిగి పడిపోయేవాళ్లు. మన స్కూళ్లలో పరుగుని ఎప్పుడూ శిక్షగా వాడాం. ఆలస్యంగా వచ్చావా, గ్రౌండ్ చుట్టూ ఐదు రౌండ్లు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ వేయించాను, తర్వాత మానేశాను. పరుగంటే తప్పుకి శిక్ష అని నేర్పిన చోట పిల్లలు పరుగుని ఎలా ప్రేమిస్తారు? ఒంటి మీద కోపంతో చేసే పరుగు కూడా అలాంటి శిక్షే.

ఇంకో మాట. మీరు తండ్రి కాబట్టి ఇది వాళ్లమ్మ చూసుకుంటుంది అనుకోకండి. రెండు మూడేళ్లలో, ఒక్కోసారి ఇంకా ముందే, పాపకి నెలసరి మొదలవుతుంది. అప్పుడు చాలా ఇళ్లలో ఆడపిల్ల ఆట ఆగిపోతుంది. నా క్లాసుల్లో ఏడో తరగతిలో చిరుతల్లా ఉరికిన పిల్లలు తొమ్మిదో తరగతికి గోడ నీడన కూర్చునేవాళ్లు. నెలసరిలో పరిగెత్తకూడదన్న నియమం ఏమీ లేదు, తనకి ఓపిక ఉంటే పరిగెత్తొచ్చు, లేకపోతే మానొచ్చు. "ఈ రోజు వద్దు నాన్నా" అంటే కారణం అడగకుండా సరే అనే తండ్రి ఉంటే, ఆ పిల్ల వారం తర్వాత తనే బూట్లు తీస్తుంది. ఆ వయసులో రక్తహీనత మన పిల్లల్లో ఎక్కువ. ఊరికే ఆయాసపడుతుంటే, కళ్ల కింది రెప్ప లోపల పాలిపోయి ఉంటే హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. ఆకుకూరలు, పప్పులు, గుడ్లు, చేపలు పెట్టండి, అన్నంలో నిమ్మకాయ పిండితే ఇనుము బాగా ఒంటబడుతుంది. భోజనంతో పాటు టీ మాత్రం వద్దు.

మీ అత్తగారి భయాన్ని కొట్టిపారేయకండి. ఆవిడ మనవరాలి మీద ప్రేమతోనే అంటున్నారు. పరుగు వల్ల ఎత్తు ఆగదు. నొప్పిని దాచి రోజుల తరబడి అతిగా చేయిస్తే దెబ్బలు తగులుతాయి, అంతే. ఆవిడకి మన ఊరి అమ్మాయి జ్యోతి యర్రాజి సంగతి చెప్పండి. నాన్న సెక్యూరిటీ గార్డు, అమ్మ ఆస్పత్రిలో శుభ్రం చేసే పని. ఇక్కడి స్కూల్లో చదువుతుంటే వ్యాయామ ఉపాధ్యాయుడు ఆ అమ్మాయి ఎత్తు చూసి హర్డిల్స్‌కి పనికొస్తుందనుకున్నారు. 2022లో వంద మీటర్ల హర్డిల్స్‌లో ఇరవై ఏళ్ల నాటి జాతీయ రికార్డుని 13.23 సెకన్లతో దాటింది. 2023లో బ్యాంకాక్‌లో, 2025లో దక్షిణ కొరియాలోని గుమిలో ఆసియా ఛాంపియన్‌షిప్ బంగారు పతకాలు గెలిచింది. 2024లో పారిస్ ఒలింపిక్స్‌లో పరిగెత్తింది. మీ పాప అంత కావాలని చెప్పడం లేదు. పరిగెత్తే ఆడపిల్ల ఈ ఊరికి కొత్త కాదని చెబుతున్నాను. ఓ ఆదివారం అత్తగారిని కూడా బీచ్‌కి తీసుకెళ్లి బెంచీ మీద కూర్చోబెట్టండి. మనవరాలు సబ్‌మెరైన్ చుట్టి తన దగ్గరకే ఉరికి వస్తుంటే చూడనివ్వండి.

విశాఖలో వేళ సరిగ్గా ఎంచుకోవాలి. మనది తూర్పు తీరం, మే చివర్లో దాదాపు 5:20కే సూర్యుడు సముద్రం మీదకొచ్చేస్తాడు, జనవరిలో దాదాపు 6:30 అవుతుంది. వేసవిలో ఆరు దాటాక పరుగు మొదలుపెట్టొద్దు. ఎండకంటే మన ఉక్కపోత ప్రమాదం. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే చెమట పడుతుంది కానీ ఆరదు, ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. పిల్లలు మనకంటే తక్కువ చెమటోడుస్తారు, వేడి త్వరగా ఎక్కుతుంది, అయినా ఆటలో పడి చెప్పరు. తలనొప్పి, వాంతి వచ్చేలా ఉండటం, మాట తడబడటం, ఎండలో కూడా ఒళ్లు గగుర్పొడవడం కనిపిస్తే నీడకి తీసుకెళ్లి, తడిగుడ్డతో తుడిచి, నీళ్లిచ్చి, ఆ రోజుకి ముగించండి. మాట తడబడుతుంటే మాత్రం నీడతో ఆగకండి, వెంటనే హాస్పిటల్‌కి తీసుకెళ్లండి. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుపాను ఈ ఊరి చెట్లని ఎలా పడగొట్టిందో మీకు గుర్తుండే ఉంటుంది. ఏయూ ఆవరణలో తిరిగి లేచిన నీడ చూసినప్పుడల్లా నాకు ధైర్యంగా ఉంటుంది. వేసవిలో బీచ్ మానేసి ఆ నీడకే వెళ్లండి.

పొద్దున్న పూట బీచ్ రోడ్డులో కొంత మేర బండ్లు ఆపేస్తారు కాబట్టి ఆ వేళ పిల్లలకి మంచిదే. ఇసుక సంగతి వేరు. పొడి ఇసుకలో మడమ లోతుగా దిగి ఆ వెనక తాడుని ఇంకా లాగుతుంది, పాపకి ఇప్పుడు అది అసలు వద్దు. తడి ఇసుక గట్టిగా ఉన్నా సముద్రం వైపు వాలుగా ఉంటుంది, ఒక కాలికి భారం ఎక్కువ. నొప్పి పూర్తిగా పోయాక సరదాకి ఐదు నిమిషాలు వట్టి కాళ్లతో పరిగెత్తొచ్చు, గాజు పెంకులు, గాలాలు చూసుకోవాలి. పరుగయ్యాక కాళ్లు కడుక్కోవడానికని అలల్లోకి మాత్రం దింపకండి. ఆర్కే బీచ్ అలలు లోపలికి లాగేస్తాయి. కుక్కలు వెంటపడితే పరుగు ఆపి నిలబడాలని, తర్వాత మెల్లగా నడవాలని ముందే నేర్పండి. కరిస్తే సబ్బుతో, ధారగా పడే నీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి, వెంటనే టీకాకి వెళ్లాలి. కైలాసగిరి ఘాట్ రోడ్డు ఇప్పుడే వద్దు. ఎక్కడం కంటే దిగడం కాళ్లని ఎక్కువ కుదుపుతుంది.

బూట్లకి వేలు పోయక్కర్లేదు. స్కూలు నల్ల బూట్లు, పలచటి కేన్వాస్ బూట్లు మాత్రం కాదు. మడమ కింద మెత్తగా ఉండాలి, ముందు బొటనవేలంత ఖాళీ ఉండాలి. రెండేళ్లు వస్తాయని పెద్ద సైజు కొంటే కాలు లోపల జారి బొబ్బలెక్కుతుంది. మూడు నెలలకోసారి వేలు పెట్టి చూడండి. తిండి విషయంలో బయల్దేరే ముందు సగం అరటిపండు, రెండు గుటకల నీళ్లు. వచ్చాక చోడి (రాగి) అంబలి మజ్జిగ కలిపి ఇవ్వండి, గుడ్డో ఇడ్లీయో పెట్టండి. అరగంట పరుగుకి రంగు సీసాల డ్రింకులు అక్కర్లేదు.

నేవీ మారథాన్‌లో 42, 21, 10, 5 కిలోమీటర్ల విభాగాలున్నాయి. పాపకి 10కే వద్దు, ఈ ఏడాది అస్సలు వద్దు. మడమ పూర్తిగా తగ్గి, మూడు నెలలు నొప్పి లేకుండా గడిస్తే 5కేకి ఇద్దరూ కలిసి పేర్లివ్వండి, నమోదు చేసేటప్పుడు కనీస వయసు నిబంధన చూసుకోండి. ఆ రోజు కూడా సబ్‌మెరైన్ లెక్కే, పరుగు, నడక, పరుగు. వాచీ పెట్టుకుంటే పాప చేతికి పెట్టండి, మీ చేతికి వద్దు. మొదటి కిలోమీటర్‌లో గుంపు ఊపుకి తను ఉరుకుతుంది, అప్పుడు ఒక్కసారి మాత్రం చెయ్యి పట్టుకుని నెమ్మదించండి. మధ్యలో చాలు అంటే మెడల్ గురించి మాట్లాడకుండా పక్కకొచ్చేయండి, ఇడ్లీ తినిపించి ఇంటికి తీసుకెళ్లండి.

ఈ రాత్రి పడుకునే ముందు మడమ పక్కల్ని నొక్కి చూడండి, ఒక కాలా, రెండు కాళ్లా, పొద్దున్న లేవగానే నొప్పా, పరుగయ్యాకా అన్నది కూడా తననే అడిగి రాయండి. తను చెప్పిన మాటల్లోనే రాయండి.